రెండు వందల పద్దెనిమిదో బిళ్ల

గోదావరిఖని,
12 జూన్ 1973.

జానకి వదినకు అహల్య నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఎండలు ఇంకా తగ్గలేదు, బొగ్గుపొడి మాత్రం రోజుకు మూడుసార్లు ఊడ్చినా తగ్గదు. నువ్వూ సదాశివ అన్నయ్యా బాగున్నారని తలుస్తాను.

ఈ ఉత్తరంతో వచ్చిన కాగితాల కట్ట చూసి కంగారు పడకు. అది నవల. అవును, నేనే రాశాను. నవ్వుకో. నవ్వడం అయ్యాక చదువు. అపరాధ పరిశోధన నవలే గానీ అందులో దయ్యం కూడా ఉంది. పేరు 'దీపాల గదిలో నీడ'.

మా ఆయన గని దగ్గర లాంపు రూమ్ క్లర్కు కదా. అక్కడి పద్ధతి నీకు ఒకసారి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. అది లాంపు రూములో ఇచ్చి అదే నంబరు దీపం తీసుకుని దిగుతాడు. బిళ్ల కొక్కేనికి వేలాడుతుంది. పైకి వచ్చి దీపం అప్పగిస్తే బిళ్ల తిరిగి ఇస్తారు. షిఫ్టు అయిపోయాక ఏ కొక్కేనికైనా బిళ్ల మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. నా నవలలో, మూడు నెలల కింద హత్యకు గురైనవాడి బిళ్ల రోజూ కొక్కేనికి వేలాడుతుంది. దీపం ఉండదు. నంబరు రెండు వందల పద్దెనిమిది. చచ్చినవాడు డ్యూటీకి దిగుతున్నాడని జనం గడగడలాడుతారు. హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి గుట్టు విప్పుతాడు. ఎలాగో చెప్పను, చదువు.

దీన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు, ఆయన కూడా. ముందు నువ్వే చదవాలని పంపుతున్నాను. మన ఇంట్లో కథ అంటే నువ్వే కదా. చింతపండు గింజలు తీస్తూ నువ్వు చెప్పిన కథలు విని భయపడి, పెరట్లోకి ఒంటరిగా వెళ్ళలేక ఏడ్చినదాన్ని నేను. నీ అభిప్రాయం ఉన్నదున్నట్టు రాయి.

నీ మరదలు,
అహల్య.


మంథని,
25 జూన్ 1973.

చి.సౌ. అహల్యకు జానకి ఆశీస్సులు.

కట్ట అందింది. పన్నెండు రోజులు నా దగ్గరే ఉంచుకుని చదివాను. ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, తర్వాత వదిన మాట కటువని మా మేనత్తకు, అదే మీ అమ్మకు, చెప్పి ఏడవకు.

ముందు మంచి చెప్తాను. నీ చేతిరాత బాగుంది.

ఇక ఆ ఇన్‌స్పెక్టరు. కోటు వేసుకుని దిగుతాడు, సిగరెట్టు వెలిగిస్తాడు, 'ఊఁ' అంటాడు. ఎనిమిది భాగాల్లో ముప్పై నాలుగు సిగరెట్లు కాల్చాడు, నేను లెక్కపెట్టాను. వాడు మనిషి కాదు, అట్టబొమ్మ. పొయ్యి ముందు కూర్చున్న ఆడదానికి తెలిసే సంగతుల్లో సగం వాడికి తెలియవు. మూడు నెలలు చేయి పడకపోతే ఇత్తడి నల్లబడుతుంది. చింతపండు పెట్టి చెంబులు తోమే ఏ ఆడదాన్ని అడిగినా చెప్తుంది. ఆ బిళ్ల మాత్రం 'తళతళ మెరుస్తూ వేలాడుతోంది' అని రాశావు. ఆ మెరుపు వాడి కంట పడలేదు, నీ కంటా పడలేదు.

దోషి లాంపు రూమ్ క్లర్కే అన్నావు. జనం అటువైపు రాకుండా తనే బిళ్ల తగిలించి భయపెట్టాడన్నావు. కంచే చేను మేసినట్టు, బాగానే ఉంది. ఇది చదివి మీ ఆయన, మా వామనరావు అన్నయ్య, ఏమంటాడో చూసుకో.

ఇంకో మాట. చనిపోయిన పడవవాడి పెళ్ళాం చీర రోజూ పొద్దున్నే తీగ మీద తడిగా ఆరేసి ఉంటుందని నేను చెప్పిన కథ గుర్తుందా? నీ బిళ్ల నా తడిచీరే. దాన్ని ఇత్తడితో పోతపోశావు, అంతే. దొంగతనం అనను, ఇంట్లో వస్తువు ఇంట్లోనే ఉంది.

పత్రికలకు పంపే తొందర పెట్టుకోకు. ఇల్లలకగానే పండగ కాదు. ఇంకో రెండేళ్ళు పండనివ్వు. కట్ట తిప్పి పంపుతున్నాను.

జానకి.


గోదావరిఖని,
9 సెప్టెంబరు 1973.

వదినకు అహల్య నమస్కారాలు.

నీ మాట వినలేదు, తిట్టు. నవల వారపత్రికకు పంపాను. వాళ్ళు తీసుకున్నారు! దీపావళి సంచిక నుంచి వారం వారం వస్తుంది. ఏడు భాగాలు వేసి ఆపేసి, 'దోషి ఎవరు?' అని పాఠకులకు పోటీ పెడతారట. సరిగ్గా చెప్పినవాళ్ళలో ఒకరికి చేతిగడియారం. ఆ తర్వాతే చివరి భాగం. జనానికి నచ్చితే పుస్తకంగా కూడా వేస్తామని సంపాదకుడు రాశాడు. ఆ ఉత్తరాన్ని ఆయన నాలుగుసార్లు, నవలను ఒకసారి చదివి, "దోషి లాంపు రూమ్ క్లర్కా? నన్ను ఉరికంబం ఎక్కిచ్చినవు గద" అని నవ్వి, నవల అచ్చవుతోందని కాలనీ అంతా చెప్పి వచ్చాడు.

వదినా, నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదో రోజు కట్ట మళ్ళీ విప్పి చూస్తే నువ్వన్నవన్నీ నిజమే అనిపించాయి. కొన్ని మార్చాను. ఏం మార్చానో చెప్పను, నువ్వే అచ్చులో చూడాలి. మూడో భాగం దాకా ఓపిక పట్టు. అది చదివాక నీ ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఉంది గానీ నలభై మైళ్ళ దూరంలో ఉన్నానే! తడిచీర నీదే. నాలుగో భాగంలో ఆ మాట ఒప్పుకున్నాను కూడా.

పక్క క్వార్టర్లో సారక్క అని ఉంది, చెప్పాను కదా, మొగుడు పోయినావిడ. ఆమెకు చివరి భాగం చదివి వినిపించాను. క్లర్కును పట్టుకెళ్ళాక, మరుసటి పొద్దున కొక్కేనికి బిళ్ల ఉండదు. దీపం మాత్రం శుభ్రంగా తుడిచి దాని చోట పెట్టి ఉంటుంది. పెట్టింది ఎవరో ఎవరికీ తెలియదు. అది విని సారక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ భాగం మాత్రం ఎవరు చెప్పినా ఒక్క అక్షరం మార్చనని ఆమెకు మాట ఇచ్చాను. ఎందుకో ఇంకోసారి రాస్తాను.

అహల్య.


మంథని,
4 నవంబరు 1973.

చి.సౌ. అహల్యకు ఆశీస్సులు.

దీపావళి సంచిక వచ్చింది. నీ పేరు అచ్చులో పెద్దగానే వేశారు. సంతోషం.

ఇక్కడి హడావుడి నీకు తెలియాలి. మీ అన్నయ్య బడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా వాకిట్లో కుర్చీ వేసుకుని పైకి చదవడం మొదలుపెడుతున్నాడు. చుట్టుపక్కల పదిమంది చేరుతున్నారు. నా చేతి కాఫీ నాలుగేళ్ళుగా తాగని ఎదురింటివాళ్ళు కూడా వచ్చి కూర్చుని తాగిపోతున్నారు. "జానకీ, ఇటు రా, ఇది నువ్వు వినాలె" అని ఆయన పిలుస్తుంటాడు. ఎలా వినను? సరిగ్గా ఆ వేళకే నాకు రోటి దగ్గర పని. పచ్చడి దానంతట అది నూరుకోదు కదా.

అత్త ఈ మధ్య కనబడినప్పుడు, "మా అహల్య చిన్నప్పుడు మాటే ఎరగదు, ఇంత కథ దాని కడుపుల ఎట్ల పట్టిందే!" అంది. పదేళ్ళ పాటు అందరికీ కథలు చెప్పినదాన్ని ఎవరూ ఏమీ అనలేదు. నోటితో చెప్పిన కథకు ముద్ర పడదు కదా, అది గాలిలో పోతుంది.

నేను కూడా చదివాను. మొదటి భాగం ఫరవాలేదు. గని వర్ణన కొంచెం ఎక్కువైంది.

జానకి.


గోదావరిఖని,
20 నవంబరు 1973.

వదినకు నమస్కారాలు.

నాలుగు భాగాలు వచ్చాయి. సంపాదకుడు పాఠకుల ఉత్తరాలు ఒక సంచిలో వేసి పంపాడు. చదివి ఒకటే నవ్వూ ఏడుపూ. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి రాయమల్లు గారు, 'నేను దయ్యాలను నమ్మను, అయితే పోయిన గురువారం నుంచి మా టైమ్ ఆఫీసు వైపు ఒంటరిగా పోవడం లేదు' అని రాశారు. పెద్దపల్లి నుంచి పోశవ్వ అట, చదువు రాదు, మనవరాలి చేత రాయించింది: 'గా బిళ్లను కొక్కెం మీదికెల్లి తియ్యుండ్రి బిడ్డా, నాకు ముద్ద దిగుతలేదు.' వరంగల్ నుంచి ఒక వకీలు గారు మాత్రం నాలుగు పేజీల నిండా సాక్ష్యాల చట్టం బోధించారు. ఆయనకు దయ్యం మీద అభ్యంతరం లేదట, దయ్యాన్ని సాక్షిగా పిలవకపోవడం మీదే.

అందరూ ఒక్క మనిషి గురించే అడుగుతున్నారు, ఆ మనిషి నిజంగా ఉన్నదా అని. ఉందని రాశాను.

ఇంతమంది అభిప్రాయాలు వచ్చాయి, నీది రాలేదు. మూడో భాగం చదివావా వదినా? చదివి ఒక్క మాట కూడా అనకుండా ఎలా ఉన్నావు? నీకు కోపం వచ్చిందేమోనని భయంగా ఉంది. కోపమైతే కోపమనే రాయి. రోజూ పోస్ట్‌మన్ ఆగయ్య సైకిలు గంట వినబడగానే గుమ్మంలోకి పరిగెత్తుతున్నాను. "ఇయ్యాల గూడ మంథని ఉత్తరం లేదమ్మా" అని ఆయనే ముందు చెప్తున్నాడు.

అహల్య.


మంథని,
28 నవంబరు 1973.

చి.సౌ. అహల్యకు ఆశీస్సులు.

చదివాను తల్లీ, మూడో భాగమూ చదివాను, నాలుగో భాగమూ చదివాను. నాకేం కోపం? అంతా ముందే కాగితాల మీద చూసిందే కదా, కొత్తగా అనేది ఏముంది. రాయమల్లులూ వకీళ్ళూ పొగుడుతుంటే ఇక వంటింటి అభిప్రాయం నీకెందుకు?

ఊళ్ళో మాత్రం నాకు తలనొప్పి అయింది. పాలు పోసే కనకవ్వ నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "అమ్మా, గా కతల మీరే ఉన్నరట గద! ఊరంత అంటున్రు" అంది. ఏముందో, ఎందుకు నవ్వుతోందో నాకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. రచయిత్రి గారి వదినను కదా, ఇక ఈ జన్మకు నాకు అదే బిరుదు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు.

ఎల్లుండి పెద్దపల్లిలో పెళ్ళి ఉంది, వెళ్తున్నాం. అక్కడైనా నీ నవల మాట రాకుండా ఒక పూట అన్నం తినాలని ఉంది.

జానకి.


గోదావరిఖని,
17 డిసెంబరు 1973.

జానకి వదినకు,

ఈసారి కుశలం అడగడం లేదు.

మొన్న సంపాదకుడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆరో భాగం వెలువడగానే ఒక కార్డు వచ్చిందట. పోటీ ఇంకా మొదలే కాలేదు, అయినా అందులో దోషి పేరు, బిళ్ల గుట్టు, అన్నీ రాసి ఉన్నాయి. ఒక మామూలు కార్మికుడు ఆరు వారాలకే ఇంత సులభంగా పట్టేస్తే ఇక పోటీకి అర్థం ఏముంది, పత్రిక పరువు పోతుంది అంటున్నాడు. పది రోజుల్లో చివరి భాగం మార్చి పంపమన్నాడు. ఎలా మార్చాలో కూడా చెప్పాడు: క్లర్కు నిర్దోషి, చచ్చినవాడే నిజంగా దయ్యమై మనుషులను చంపుతున్నాడని రాయాలట. అదైతే ఎవరూ ఊహించలేరట. మార్చకపోతే పోటీ ఉండదు, చివరి భాగం ఉండదు, పుస్తకమూ ఉండదు.

ఆ కార్డును కూడా పంపాడు. చదువు.

'అయ్యా, మీ పత్రికలో వచ్చే నవల చదువుతున్నాను. ఇది చిన్నపిల్లలైనా చెప్పగల కథ. దోషి లాంపు రూమ్ క్లర్కు. జనాన్ని భయపెట్టడానికి రెండు వందల పద్దెనిమిదో బిళ్లను తనే తగిలిస్తున్నాడు. ఇంత తేలిక సంగతి కనిపెట్టడానికి ఆ హైదరాబాదు ఇన్‌స్పెక్టరు అన్ని సిగరెట్లు కాల్చాలా? ఇటువంటి రచనలకు చోటిచ్చి మీ పత్రిక స్థాయి తగ్గించుకోవద్దని మనవి. ఇట్లు, బిక్షం, బొగ్గుగని కార్మికుడు, నస్పూర్.'

'ఈ ఇన్‌స్పెక్టరు ఎవరో మాకు అర్థం కాలేదు, వేరే నవలతో కలిపి పొరబడి ఉంటాడు' అని సంపాదకుడు అంచున ఎర్ర సిరాతో రాశాడు.

నాకు అర్థమైంది వదినా. అచ్చయిన నవలలో ఇన్‌స్పెక్టరు లేడు. అట్టబొమ్మ అని నువ్వన్నావని తీసిపారేశాను. అచ్చయిన నవలలో బిళ్ల నంబరు ఏడు వందల అయిదు. ఈ కథకు రెండు వందల పద్దెనిమిది అన్న నంబరు నువ్వు చూసిన కట్టలో తప్ప ఎక్కడా లేదు. ఆ నంబరు ఎందుకు మార్చానో ఇప్పుడు చెప్తాను. నేను ఏదో ఒకటి రాయాలని, ఆయన చిట్టాలో ఖాళీగా కనబడిన నంబరు రాసుకున్నాను. సారక్క విని లేచి నిలబడింది. "అమ్మా, గది మా ఇంటాయిన మొగిలి నంబరు. కామెర్లతోటి దవాఖానల పాణం పోయింది. గాయిన బిళ్ల ఇప్పటిదాంక ఎవ్వలకియ్యలే, గట్లనే ఉంచిన్రు. బతికినన్నొద్దులు ఎవ్వల ఒక్క మాట అనలే. గా మనిషిని దయ్యం జెయ్యకుండ్రమ్మా" అంది. నంబరు మార్చాను. అది చాలదనిపించి చివర కూడా మార్చాను. దీపం అప్పగించి బిళ్ల తీసుకుని వెళ్ళిపోయాడని రాసి చదివితే, "అంటే డ్యూటీ దిగి ఇంటికొచ్చిండన్నట్టే గద" అంది. ఇప్పుడు ఆ మనిషినే హంతకుడైన దయ్యాన్ని చెయ్యమంటున్నారు. ఆమెకు ఏ ముఖం పెట్టుకుని చదివి వినిపించను?

కార్డు మీద ముద్ర పెద్దపల్లిది. పెళ్ళి బాగా జరిగిందా?

నువ్వు నా మీద కార్డు రాసినందుకు కాదు వదినా నా ఏడుపు. నువ్వు చదవలేదు. ఒక్క భాగం కూడా చదవలేదు. ప్రతి ఉత్తరంలో చదివాను చదివాను అని రాశావు. అన్నయ్య పిలిచి చదువుతుంటే వినబడకుండా రోట్లో నూరుతూ కూర్చున్నావు. ఇన్‌స్పెక్టరును తీసేసి ఆ చోట ఎవరిని పెట్టానో ఊళ్ళో పాలు పోసే కనకవ్వకు తెలుసు, నీకు తెలియదు.

నేను మాత్రం మంచిదాన్నని అనను. చింతపండు ముందు కూర్చుని నువ్వు కథ చెప్తుంటే అందరూ నీ ముఖం చూసేవాళ్ళు, నేను వాళ్ళ ముఖాలు చూసేదాన్ని. ఒక్కసారైనా అట్లా నా వైపు చూడరేమని కడుపు మండిపోయేది. ఈ నవల ఆ మంటతోనే రాశాను. అయితే నా మంట చల్లార్చుకోవడానికి నేను నీ పొయ్యి ఆర్పలేదు.

కొత్త ముగింపు రాయడానికి ఇప్పటికి మూడుసార్లు కూర్చున్నాను, చేయి రావడం లేదు. సారక్క పొద్దున వచ్చి, "ఆఖరుది ఎప్పుడొస్తదమ్మా, మా చెల్లెను గూడ పిలుస్త, సదివి ఇనిపియ్యాలె" అంది. తల ఊపాను.

నాకు నీ క్షమాపణలు వద్దు. ఆ ఏడు సంచికలూ అన్నయ్య పెట్టెలో ఉంటాయి. తీసి చదువు. చదివి నిజమైన అభిప్రాయం ఒక్కటి రాయి. అంతకు మించి నిన్ను ఇంకేమీ అడగను.

అహల్య.


మంథని,
21 డిసెంబరు 1973.

అహల్యకు,

నీ ఉత్తరం పోస్టులో అందుకుని నిలబడే చదివాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మీ అన్నయ్య "ఏం రాసింది?" అని అడిగితే "ఏం లేదు" అని అరిచాను.

నిన్న ఆయన బడికి వెళ్ళాక పెట్టె తీశాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం పాలవేళకు ఏడు భాగాలూ అయ్యాయి. మధ్యాహ్నం వంట లేదు. మూడో భాగంలో, కాలనీ ఆడవాళ్ళంతా భయంతో గుమిగూడిన చోట, చుట్టపుచూపుగా వచ్చిన 'మంథని వదిన' పీట వాల్చుకుని కూర్చుని, ఆ బిళ్ల చేతిలోకి తీసుకుని, "మూడు నెలలు చేయి పడని ఇత్తడి ఇంత మెరుస్తోందేమే మరదలా?" అంటుంది. అది చదివి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమోనని లేచి వెళ్ళాను. పొయ్యి మీద పాలు లేవు. కాసేపు అక్కడే నిలబడి తిరిగి వచ్చాను.

అది నా గొంతే. నా తిట్లే. నేను పీట వాల్చే తీరు కూడా నువ్వు దాచుకున్నావు. కథలు చెప్పినప్పుడు నువ్వు అందరి ముఖాలే చూశానన్నావు, అబద్ధం. నన్నే చూశావు.

కార్డు ఎందుకు రాశానంటే ఓర్వలేక రాశాను. దానికి ఇంకో పేరు లేదు. నా దగ్గర ఉన్న ఒక్కటి కథ చెప్పడం, అది కూడా నువ్వు పట్టుకుపోయావు అనుకున్నాను. పెద్దపల్లిలో పెళ్ళివాళ్ళు పందిట్లో నీ నవల గురించే మాట్లాడుకుంటుంటే లేచి వెళ్ళి కార్డు కొని, విడిది వసారాలో కూర్చుని రాశాను. డబ్బాలో పడ్డ చప్పుడుకు ఎంత చల్లగా అనిపించిందో చెప్తే నువ్వు నన్ను గడప తొక్కనివ్వవు. ఇప్పటికీ ఓర్వలేకపోతున్నాను అహల్యా. బాగా రాశావు. ఈ రెండు మాటలు రాయడానికి మూడు కాగితాలు చింపాను.

కింద ఉన్నది సంపాదకుడికి రాసిన ఉత్తరానికి నకలు. వద్దని రాయాలనుకుంటే ప్రయోజనం లేదు, పదకొండు గంటల బస్సు టపా సంచిలో అసలుది వెళ్ళిపోయింది. మీ అన్నయ్యకు చదివి వినిపించాకే వేశాను. అంతా విని, "అడ్రసు పూర్తిగ రాసినవా?" అన్నాడు.

సారక్కకు ఏమీ చెప్పకు. ముగింపు మార్చకు.

జానకి.


(నకలు)

మంథని,
21 డిసెంబరు 1973.

సంపాదకుల వారికి నమస్కారాలు.

నేను 'దీపాల గదిలో నీడ' నవలకు పాఠకురాలిని. నిన్నటి నుంచి మాత్రమే. అంతకు ముందు చదవకుండానే అభిప్రాయాలు చెప్తూ వచ్చాను.

నస్పూర్ బిక్షం పేరుతో మీకు వచ్చిన కార్డు నాది. నస్పూర్‌లో నిజంగా బిక్షం అనే కార్మికుడు ఉంటే ఆయన నన్ను మన్నించాలి. దోషి ఎవరో నేను కనిపెట్టలేదు. రచయిత్రి నా మేనత్త కూతురు. అచ్చుకు పంపక ముందు తన రాతప్రతిని నమ్మకంతో నాకు ఇచ్చింది, అది పన్నెండు రోజులు మా ఇంట్లో ఉంది. అందులో చూసి రాశాను. అందుకే మీకు తెలియని ఇన్‌స్పెక్టరు నా కార్డులో ఉన్నాడు. అచ్చు చదివినవాళ్ళు ఎవరైనా దోషిని తేలికగా పట్టారేమో మీ దగ్గరున్న ఉత్తరాలన్నీ వెతికి చూడండి. దొరకకపోతే చివరి భాగం మార్చమని అడగడం న్యాయం కాదు. ఆ ముగింపు కోసం ఇక్కడ ఒక మనిషి చెల్లెలిని పిలుచుకుని ఎదురు చూస్తోంది. నా తప్పుకు ఆమెను శిక్షించకండి.

ఈ ఉత్తరాన్ని పాఠకుల అభిప్రాయాల్లో నా పేరుతో, ఊరుతో వేయండి. మా ఊళ్ళో మీ పత్రిక వాకిళ్ళలో పైకి చదువుతారు. ఎదురింటివాళ్ళు కూడా వినాలి.

ఇక నా అభిప్రాయం. మొదటి భాగంలో గని వర్ణన నిజంగానే కొంచెం ఎక్కువైంది. నాలుగో భాగంలో తడిచీర కథ నాది, నా కంటే బాగా చెప్పింది. అందరూ మెచ్చుకుంటున్న 'మంథని వదిన' పాత్ర ఒక్కటి మాత్రం సహజంగా లేదు. ఆమె పీట మీద కూర్చుని ఊరందరి కడుపులో ఉన్నది కనిపెడుతుంది, ఎవరి మీదా ఏడవదు, మరదలి సంతోషాన్ని తన సంతోషమనుకుంటుంది. నేను ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊళ్ళోనే వదినను అయ్యాను. అటువంటి వదిన ఇక్కడ లేదు. ఉంటే మీకు ఆ కార్డు వచ్చేది కాదు.

ఇట్లు,
జానకమ్మ,
సదాశివ మాస్టరు గారి ఇల్లు, మంథని.